సంఘం చందా ఇచ్చే ముందు ఏడాది లెక్క కట్టండి

ఒడిశాలో పర్లాకిమిడి దగ్గర బడిలో పనిచేస్తూ, మా టీచర్ల సంఘానికి నాలుగేళ్లు కోశాధికారిగా చందాలు వసూలు చేశాను. అంతకుముందు పదేళ్లు నేనూ అందరిలాగే ఇచ్చాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన మన తెలుగు టీచర్లకి ఇవి చెప్పాలి.

ముందు మీ జీతం స్లిప్పు చూడండి. అందులో నెలకి 200 కోత కనిపించగానే చాలామంది సంఘం చందా అనుకుంటారు. అది వృత్తి పన్ను. ఒడిశాలో ఏడాది జీతం 3 లక్షలు దాటితే పదకొండు నెలలు 200, ఆఖరి నెల 300, మొత్తం 2,500. అది ప్రభుత్వానికి వెళ్లే పన్ను. సంఘం చందా మీ ఇష్టం మీద ఇచ్చేది.

ఇక చందా సంగతి. "చందా ఎంత?" అని అడిగితే సభ్యత్వం ఒక్కటే చెబుతారు. "ఏడాది పొడుగునా ఏయే పేర్లతో ఎంత అడుగుతారు?" అని అడగండి. ఒక ఏడాది నా డైరీలో ఉన్న లెక్క ఇది: సభ్యత్వం 200, జిల్లా మహాసభకి 300, కోర్టు కేసుకి 500, క్యాలెండరు, డైరీలకి 120. మొత్తం 1,120. అందులో కేసుకిచ్చిన 500 నాకు ఇప్పటికీ బరువనిపించదు, ఆ కేసు మా సీనియారిటీది. కానీ మహాసభ ఖర్చు ఎవరూ చదివి వినిపించలేదు. ఆ బాధతోనే నేను కోశాధికారినయ్యాక ఏటా లెక్కల కాగితం గోడకి అంటించేదాన్ని.

రసీదు దగ్గర అస్సలు మొహమాటపడకండి. కాశీనగర్ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి చూపించిన రసీదు నాకింకా గుర్తుంది. గుండ్రటి నీలం సీలు అలికినట్టు పడింది, పేరుంది, నంబరు లేదు, తేదీ లేదు. డబ్బేమో ఎవరిదో సొంత ఫోన్ నంబరుకి పంపింది. మూడు నెలలకి మళ్లీ అడిగారు. "ఇచ్చాను మేడమ్" అంటుంది, చూపించడానికి ఏమీ లేదు. రెండోసారీ కట్టింది. అందుకే సంఘం పేరున్న బ్యాంకు ఖాతాకే పంపండి. రసీదు పుస్తకంలో కార్బన్ కింద కౌంటర్‌ఫాయిల్ (సంఘం దగ్గరే ఉండిపోయే నకలు) మీద కూడా మీ పేరు పడిందో లేదో అక్కడే చూడండి. అంకెతోపాటు అక్షరాల్లోనూ రాయించుకోండి. చేతిరాతలో ఒడియా నాలుగు మన కంటికి ఎనిమిదిలా కనిపిస్తుంది.

సంఘం రిజిస్ట్రేషన్ నంబరు, ఏ చట్టం కింద అన్నది కూడా అడగండి. 1860 సొసైటీల చట్టం కిందైతే రిజిస్ట్రార్ దగ్గర దాఖలైన కాగితాలు ఎవరైనా చూడొచ్చు. మూల చట్టంలో అందుకు రాసిన ఫీజు ఒక్క రూపాయి. నియమావళి తెప్పించుకుని సభ్యత్వ రుసుము గురించి ఏం రాశారో చదవండి. ఒడియా చదవడం కష్టమైతే తోటి టీచరుని పక్కన కూర్చోబెట్టుకోండి.

ఒక మాట, ఈ చందాకి ఆదాయపన్నులో మినహాయింపు రాదు. వృత్తి పన్నుకైతే ఆదాయపన్ను పాత విధానం (ఓల్డ్ రెజీమ్) ఎంచుకుంటే వస్తుంది.

మానేయాలనుకుంటే నోటిమాట చాలదు. లెటరు రెండు కాపీలు రాసి, ఒకదాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకుని మీ దగ్గర ఉంచుకోండి. చందా జీతంలోంచే కోత పడుతుంటే ఆ లెటరు నకలు మీ జీతం బిల్లు పెట్టే ఆఫీసులో కూడా ఇచ్చి, వచ్చే నెల స్లిప్పు చూసుకోండి.