ఊరు చూడ్డానికి వెళ్తున్నారా? అక్కడ మనుషులు కాపురం ఉంటున్నారు

కొత్త చోటికి వెళ్లేముందు హోటల్ రివ్యూలు గంటల తరబడి చదువుతాం కదా, అందులో ఓ పది నిమిషాలు మిగిల్చి అక్కడివాళ్లు టూరిస్టులతో దేనికి విసిగిపోయారో వెతకండి. ఆ ఊరి మర్యాదలు గైడ్‌బుక్ కంటే ఆ ఫిర్యాదుల్లోనే బాగా తెలుస్తాయి. జపాన్‌లో క్యోటో నగరంలోని గియోన్ పేటనే తీసుకోండి, పనికి వెళ్తున్న గీషాల (సంప్రదాయ ఆటపాటల కళాకారిణులు) వెంట ఫోన్లు పట్టుకుని పడటం, వాళ్లు కట్టుకున్న కిమోనో పట్టి లాగడం దాకా వెళ్లింది వ్యవహారం. చివరికి 2024లో అక్కడి ప్రైవేటు సందుల్లోకి టూరిస్టులు రావొద్దని బోర్డులు పెట్టారు, కాదని వెళ్తే 10,000 యెన్‌ల జరిమానా.

గొడవలు ఎక్కువగా వచ్చేది ఫొటోలతోనే. మనిషి ముఖం కనబడేలా తీయాలంటే అడగండి. భాష రాకపోతే ఫోన్ కిందికే ఉంచి, దాన్ని చూపించి సైగ చేయండి, తలూపితే తీయండి, ముఖం తిప్పుకుంటే వదిలేయండి. నవ్వారు కదా అని ఒప్పుకున్నట్టు కాదు, ఇబ్బందిపడి కూడా నవ్వుతారు. దూరం నుంచి జూమ్ చేస్తే తెలీదులే అనుకోవడం మరీ అన్యాయం. పిల్లలైతే పక్కనున్న పెద్దవాళ్లని అడగాలి. ప్రార్థనలు, అంత్యక్రియల దగ్గర అసలు అడగడమే వద్దు, ఫోన్ జేబులో పెట్టేయండి. తీశాక చూపించండి, వద్దంటే వాళ్ల కళ్లముందే డిలీట్ చేయండి.

"రూల్ లేదు కదా" అనే లెక్క మాత్రం వేసుకోవద్దు. ఆస్ట్రేలియాలోని ఉలూరు అనే పెద్ద రాతికొండ తమకు పవిత్రం, ఎక్కొద్దని అక్కడి ఆదివాసులైన అనాంగు ప్రజలు ఏళ్ల తరబడి మర్యాదగా అడిగారు, అయినా జనం ఎక్కుతూనే ఉన్నారు. 2019 అక్టోబర్ 26 నుంచి ఎక్కడం నిషేధం అని తెలిశాక ఆఖరి రోజుల్లో క్యూలు కట్టారు, అదీ మన తీరు!

డబ్బు ఆ ఊళ్లోనే మిగిలేలా ఖర్చుపెట్టండి: అక్కడి కుటుంబాలు నడిపే బస, అక్కడే పుట్టి పెరిగిన గైడ్. బేరం ఆడండి, తప్పులేదు, కానీ చేత్తో చేసిన వస్తువు దగ్గర చిల్లర కోసం అరగంట పీకులాడి గెలిచామని చెప్పుకోవడం ఏం గొప్ప? పిల్లలకి మాత్రం డబ్బులు, చాక్లెట్లు పంచకండి. బడి మానేసి చేయి చాపితేనే లాభమని ఇంట్లోవాళ్లకి అనిపించిందంటే ఆ పిల్లల చదువు అక్కడితో సరి.

ఇంకొకటి, టికెట్లు కొనేముందు ఆ చోటు ఏ నెలల్లో మూసి ఉంటుందో చూసుకోండి. థాయ్‌లాండ్‌లో మాయా బే అనే సముద్రతీరంలో పగడపు దిబ్బలు పడవల తాకిడికి, జనం తాకిడికి దెబ్బతిని, 2018లో మూసేస్తే మళ్లీ తెరిచింది 2022లోనే. ఇప్పుడు పడవలు ఆ తీరానికి నేరుగా రాకూడదు, వెనకవైపు దిగి నడిచి వెళ్లాలి, పైగా ఈమధ్య ఏటా ఆగస్టు, సెప్టెంబరుల్లో పూర్తిగా మూస్తున్నారు. పడవవాడికి ఇంకాస్త ఇస్తే దగ్గరికి తీసుకెళ్తాడేమోనని అడగకండి, పట్టుబడితే పోయేది అతని జీవనాధారం.