రివేరా బొమ్మల హాలు చూడబోతుంటే

డెట్రాయిట్ వైపు మనవాళ్ల ఇంటికి వెళ్తే, అక్కడి ఆర్ట్ మ్యూజియంలో మెక్సికో చిత్రకారుడు దియెగో రివేరా 1932–33లో వేసిన కుడ్యచిత్రాలు చూడకుండా రాకండి. మొత్తం 27 ఫలకాలు. హాలు మధ్యలో నిలబడి గిర్రున తిరిగితే మెడనొప్పి తప్ప ఏమీ మిగలదు. ముందు తూర్పు గోడ చూడండి, మొక్క దుంపలో ముడుచుకున్న పసిబిడ్డ ఉంటుంది. తర్వాత ఉత్తరం గోడ, ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీలో వీ-8 ఇంజన్ తయారీ. అందులో ఒక్క కార్మికుణ్ని పట్టుకుని అతని నడుం వంపు, చేతుల లాగుడు గమనించండి. పక్కవాళ్ల ఒళ్లూ అదే లయలో ఊగుతున్నట్టుంటుంది. దక్షిణం గోడ దగ్గర పిల్లలకో పని: తయారైన కారు ఎక్కడుందో వెతకమనండి. అంత ఫ్యాక్టరీలో అది ఎక్కడో దూరంగా, ఎర్రగా, చిన్న బొమ్మంత! పగటిపూట వెళ్లండి, పైనుంచి వెలుగు పడుతుంది.