గనిలో మెల్లగా పాకే గాలిని పొగతో పట్టుకోవడం

గాలి వేగం కొలిచే అనిమోమీటర్ తిరగట్లేదని ‘ఇక్కడ గాలి లేదు సార్’ అని రాసేయకండి. వేగం సెకనుకు పావు మీటరు లోపుంటే దాని రెక్కలు సరిగ్గా కదలవు, గాలి మాత్రం మెల్లగా పాకుతూనే ఉంటుంది. స్మోక్ ట్యూబ్ తీయాల్సింది అప్పుడే. బెజవాడ నుంచి సింగరేణి బొగ్గు గనుల వైపు సిర్దార్, ఓవర్‌మన్ (గని లోపల పనినీ భద్రతనీ చూసే ఉద్యోగాలు) పరీక్షలకి వెళ్లే కుర్రాళ్లు ఎక్కువగా తడబడేది కూడా ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ట్యూబ్ అంటే వేలెడు గాజు గొట్టం, అంతే. లోపల టైటానియం టెట్రాక్లోరైడ్ లాంటి రసాయనం పట్టించిన గుళికలుంటాయి. రెండు కొనలూ విరిచి రబ్బరు బల్బుకి తగిలించి నొక్కితే, గాలిలో తేమ తగిలి తెల్లటి పొగ వస్తుంది. నిప్పుతో పని లేదు. ఆ పొగలో ఆమ్లం ఉంటుంది, పీలిస్తే గొంతు మండుతుంది, కాబట్టి గాలి వెళ్లే వైపు పక్కవాడి మొహం ఉందేమో చూసుకుని వదలండి.

మలుపులు, టబ్బులు (బొగ్గు మోసే బండ్లు) లేని తిన్నని చోటు చూసుకుని టేపుతో 10 మీటర్లు కొలిచి, రెండు చివర్లా సుద్దతో గీత పెట్టండి. ఇద్దరు కావాలి. గాలి వచ్చే వైపు ఉన్నవాడు మొదటి గీతకి ఓ మీటరు ముందే గ్యాలరీ (గనిలో తవ్విన దారి) మధ్యలో పొగ వదిలి, అది గీత దాటగానే క్యాప్ ల్యాంప్ ఊపుతాడు, రెండోవాడు స్టాప్‌వాచ్ నొక్కుతాడు. బల్బుని గట్టిగా నొక్కితే పొగకి వేగం ఇచ్చింది మీరే అవుతారు, గాలి కాదు. మెత్తగా, గాలికి అడ్డంగా వదలండి. వదిలాక పక్కగోడకి ఆనుకుని ఒదిగి నిలబడాలి, లేకపోతే మీ ఒళ్లే గాలికి అడ్డం. పొగ పోతూ పోతూ సాగుతుంది, దాని ముందు కొసనో మధ్యనో ఏదో ఒకటి ఎంచుకుని ప్రతిసారీ దాన్నే చూడండి. ఐదుసార్లు చేయండి, మధ్యలో ఎవరైనా డోర్ తీస్తే ఆ లెక్క కొట్టేయండి.

సగటున 40 సెకన్లు వచ్చిందనుకుందాం. అంటే సెకనుకు 0.25 మీటర్లు. అది గ్యాలరీ నడిమధ్య వేగం, గోడల దగ్గర అంత ఉండదు, అందుకని 0.8తో గుణిస్తే 0.2. గ్యాలరీ 4 మీటర్ల వెడల్పు, 2.5 ఎత్తు అయితే 10 చదరపు మీటర్లు, అంటే నిమిషానికి 120 ఘనపు మీటర్లు. మనిషికి నిమిషానికి 6 ఘనపు మీటర్ల చొప్పున 20 మందికి సరిపోతుంది, కానీ రోజు ఉత్పత్తిలో టన్నుకి నిమిషానికి 2.5 అనే లెక్క కూడా వేసి, ఏది ఎక్కువైతే అది ఇవ్వాలి. చాలామంది ఈ రెండోది మర్చిపోతారు.

నాకైతే ఈ లెక్కలకన్నా లీకులు పట్టడమే ఇష్టం. స్టాపింగ్ (గాలి పోకుండా దారికి అడ్డంగా కట్టిన గోడ) అంచు వెంట ట్యూబ్ నెమ్మదిగా నడిపిస్తే, పొగ ఓ పగుల్లోకి దారంలా లాక్కుపోతుంది చూడండి, అక్కడే గాలి తప్పించుకుపోతోంది. ఆక్సిలరీ ఫ్యాన్ (లోపలి చివరికి గాలి పంపే చిన్న ఫ్యాన్) దగ్గరైతే హెడింగ్ (ఇంకా తవ్వుతున్న, అవతల దారి లేని చివర) నుంచి తిరిగొచ్చే గాలిలో పొగ వదలండి, అది మళ్లీ ఫ్యాన్ నోట్లోకే దూరితే వాడిన గాలే తిరుగుతోందన్నమాట. రూఫ్ కింద కూడా చూడాలి, కింద గాలి ఒకవైపు పోతుంటే పైన పొగ కదలకుండానో ఎదురుగానో ఉంటే మండే వాయువు మీథేన్ పొరకట్టిందేమోనని అనుమానించి డిటెక్టర్‌తో చూడాల్సిందే.

ఇంట్లో సాధన చేయాలంటే అగరబత్తి చాలు, అపార్ట్‌మెంట్ వరండాలో తలుపు సందు దగ్గర పెట్టి చూడండి. వేడికి ఆ పొగ ముందు పైకి లేస్తుంది, జానెడు పైన ఎటు వంగుతుందో అదే గాలి. చిట్టినగర్ సొరంగంలో చేద్దామనుకుంటే దండగ, ఆటోలు, బస్సులే అక్కడి గాలిని నెట్టుకుపోతాయి. బొగ్గు గనిలోకి మాత్రం అగరబత్తి, అగ్గిపెట్టె తీసుకెళ్లారో, ఉద్యోగం సంగతి తర్వాత, ముందు ప్రాణాలే ఉండవు.

వాడాక ట్యూబ్ కొనలకి రబ్బరు మూతలు పెట్టండి, లేకపోతే తేమకి రేపటికల్లా లోపల గడ్డకడుతుంది. ప్యాంటు జేబులో వేసుకోకండి, విరిచిన గాజు తొడకి దిగుతుంది.