బ్లాక్ అండ్ వైట్ ప్రింట్ ఆకుపచ్చగా వస్తోందా? హెడ్ క్లీనింగ్ నొక్కే ముందు ఇది చదవండి

మొన్న తెలిసినాయన ఒకరు వాళ్ల తాతగారి ఫోటో పట్టుకొచ్చారు. సంవత్సరీకానికి దండ వేసి పెడదామని, పాత స్టాంపు సైజు ఫోటోని స్కాన్ చేసి, బాగు చేయించి, ఇంట్లో ఉన్న ఆరు రంగుల ఇంకు ట్యాంక్ ప్రింటర్ మీద ఎ4 సైజుకి తీశారు. తాతగారి చెంపలు లేత ఆకుపచ్చ తిరిగాయి. "ఇంకు కల్తీదండీ, షాపువాడు మోసం చేశాడు" అన్నారాయన. అప్పటికే హెడ్ క్లీనింగ్ (ఇంకు చిమ్మే హెడ్‌ని ప్రింటర్ తనే ఇంకు లాగి కడుక్కునే మెనూ పని) తొమ్మిదిసార్లు కొట్టారట. ఇంకు శుభ్రంగా ఉంది. లైట్ మెజెంటా, అంటే లేత గులాబీ ఇంకు, చిమ్మే సన్నని రంధ్రాల్లో (వీటినే నాజిళ్లంటారు) సగం మూసుకుపోయాయి, అంతే. మరి తొమ్మిదిసార్లు క్లీనింగ్ చేసినా ఎందుకు తెరుచుకోలేదన్నదే అసలు సంగతి, దాని దగ్గరికి వస్తాను.

ముందు ఒక్క మాట అర్థం కావాలి. ఇలాంటి ప్రింటర్‌లో నలుపు ఒక్కటే ఉంటుంది, మిగిలినవి సయాన్ (ఆకాశనీలం లాంటిది), మెజెంటా (ముదురు గులాబీ), ఎల్లో, లైట్ సయాన్, లైట్ మెజెంటా. మీరు గ్రేస్కేల్ అని టిక్ పెట్టినా, ఫోటో పేపర్ మీద బూడిద రంగుని చాలా ప్రింటర్లు ఈ రంగు ఇంకులన్నీ కలిపే తయారు చేస్తాయి. ఒక రంగు కొంచెం తగ్గితే పెళ్లి ఫోటోలో పట్టుచీర మీద ఎవరికీ తెలియదు. బూడిద రంగులో మాత్రం కంటికి వెంటనే కొడుతుంది. అందుకే "కలర్ ఫోటోలు బాగానే వస్తున్నాయి కదా, బ్లాక్ అండ్ వైటే చెడిపోతోంది" అనే మాట నేను నమ్మను. కలర్‌లోనూ చెడుతూనే ఉంటుంది, మీకు కనపడదు, అంతే.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. డిస్టిల్డ్ వాటర్ (బ్యాటరీ షాపులో దొరికేదే చాలు), ఒక డ్రాపర్, కళ్లజోడు తుడుచుకునే నూలురాని గుడ్డ, టార్చి, పనికిరాని చేతి రుమాలు, ఒక రాత్రి ఓపిక.

నాజిల్ చెక్ రెండుసార్లు తీయండి

నాజిల్ చెక్ అంటే ప్రింటర్ మెనూలో ఉండే పరీక్ష పేజీ, ఒక్కో ఇంకుతో గీతలు వేసి చూపిస్తుంది. ఒకటి కాదు, రెండు. మామూలు కాగితం మీదే, వెంటవెంటనే. రెండింటినీ పక్కపక్కన పెట్టి మెట్లమెట్లుగా ఉన్న గీతల్లో ఎక్కడ తెగాయో చూడండి. రెండింటిలోనూ ఒకే చోట తెగితే అక్కడ ఇంకు ఎండి నాజిల్ మూసుకుపోయిందని. మొదటిదాంట్లో ఒక చోట, రెండోదాంట్లో ఇంకోచోట తెగితే అది మూసుకుపోవడం కాదు, గొట్టంలో గాలి చేరిందనో, ఇంకు సరిగా అందడం లేదనో అర్థం. ఈ రెండింటికీ మందు వేరు. ఇది చూడకుండా క్లీనింగ్ కొట్టడం జ్వరమో అజీర్తో తెలియకుండా మాత్ర మింగడమే.

ఎల్లో గీతలు తెల్ల కాగితం మీద సరిగా కనపడవు, చాలామంది "అన్నీ ఉన్నాయి" అనుకుని వదిలేస్తారు. గదిలో లైటు తీసేసి, ఫోన్‌లో మొత్తం నీలం రంగు ఉన్న బొమ్మ ఒకటి పెట్టి ఆ వెలుగులో చూడండి, పసుపు గీతలు నల్లగా తేలతాయి.

గాలి అనుమానమైతే ముందు ట్యాంకులో ఇంకు కింది గీత కంటే పైన ఉందో లేదో చూడండి. కొన్ని మోడళ్లలో ట్యాంకు పక్కన రవాణా కోసం తిప్పి మూసే చిన్న వాల్వ్ ఉంటుంది. ఇల్లు మారినప్పుడు మూసి, తర్వాత సగమే తెరిచి మర్చిపోయిన వాళ్లని నేనే ముగ్గుర్ని చూశాను. పేజీ పైభాగం బాగా వచ్చి కిందికి వచ్చేసరికి రంగు మారిపోతుంటే నా మొదటి అనుమానం ఆ వాల్వ్ మీదే.

ఏ ఇంకు అలిగిందో రంగు చూసి చెప్పొచ్చు

నా దగ్గర ఒక ఫైలు ఉంది: తెలుపు నుంచి నలుపు దాకా 5 శాతం చొప్పున 21 గళ్లు, అంతే. అలాంటిదొకటి చేసుకుని, మీరు అసలు ఫోటో తీసే పేపర్ మీదే, అదే సెట్టింగ్‌తో 4×6 సైజులో తీయండి. లేత, మధ్య గళ్లు ఆకుపచ్చగా ఉంటే లైట్ మెజెంటా రావట్లేదు. అవే గళ్లు ఎర్రగా, గులాబీగా ఉంటే లైట్ సయాన్. నీలంగా ఉంటే ఎల్లో. ముదురు గళ్లలో చిక్కదనం లేకుండా వెలిసిన గోధుమరంగు ఉంటే నలుపే సరిగా పడటం లేదు. ఏ గళ్ల దగ్గర రంగు మొదలవుతుందన్నది కూడా చూడండి, ఎందుకంటే లేత బూడిద గళ్లన్నీ ఎక్కువగా లైట్ ఇంకుల మీదే బతుకుతాయి.

నాజిల్ చెక్ పరిపూర్ణంగా ఉండి గళ్లు మాత్రం రంగు తిరిగితే, ప్రింటర్ జోలికి వెళ్లకండి. తప్పు సెట్టింగులది. అన్నిటికంటే ఎక్కువగా జరిగేది: ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రొఫైల్ (ఆ ప్రింటర్‌కీ పేపర్‌కీ తగ్గట్టు రంగులు సర్దే ఫైలు) పెట్టి, ప్రింటర్ డ్రైవర్‌లో కూడా కలర్ సర్దుబాటు ఆన్‌లో ఉంచడం. ఇద్దరూ సర్దితే బొమ్మ మెజెంటా వైపు లాగేస్తుంది. ఎవరో ఒకరికే అప్పజెప్పండి, రెండోవాళ్లని ఆఫ్ చేయండి. పేపర్ రకం తప్పు పెడితే ఇంకు ఎక్కువై మడుగు కడుతుంది. పేపర్ తిరగేసి పెట్టినా అంతే, ఇంకు ఆరదు, వేలు పెడితే వచ్చేస్తుంది. చాలా నాలుగు రంగుల ఆఫీసు ప్రింటర్లలో నలుపు పిగ్మెంట్ (రంగు పొడి నీళ్లలో తేలే ఇంకు), మిగతా మూడూ డై (నీళ్లలో కరిగిపోయే రంగు). గ్లాసీ ఫోటో పేపర్ అని పెట్టగానే అవి ఆ నలుపుని పక్కనపెట్టి మూడు రంగులతోనే నలుపు కలుపుతాయి. వాటి మీద మంచి బ్లాక్ అండ్ వైట్ కోసం కుస్తీ పట్టి లాభం లేదు, ల్యాబ్‌లో ఇచ్చేయండి.

ఎప్సన్ పి700, పి900 లాంటి పెద్ద ప్రింటర్ల వాళ్లకి నలుపుతో పాటు గ్రే, లైట్ గ్రే ఇంకులు విడిగా ఉంటాయి కాబట్టి ఈ రంగు తిరగడం చాలా తక్కువ. గ్లాసీకి ఫోటో బ్లాక్, మ్యాట్‌కి మ్యాట్ బ్లాక్ వెళ్తోందో లేదో చూసుకుంటే చాలు. మ్యాట్ బ్లాక్ గ్లాసీ మీద పడితే మసిలా చేతికి అంటుతుంది.

హెడ్ క్లీనింగ్: ఒక విడతకి రెండు, అంతకు మించి వద్దు

ఒకసారి క్లీనింగ్, నాజిల్ చెక్. మళ్లీ ఒకసారి, మళ్లీ చెక్. రెండోసారికి కొంచెం మెరుగైతే ప్రింటర్ ఆపేసి రాత్రంతా వదిలేయండి, పొద్దున్న మూడోది కొట్టండి. ఏ మార్పూ లేకపోతే ఇక ఆపండి. మెనూలో పవర్ క్లీనింగ్ అని ఉంటుంది, ట్యాంకుల్లో ఇంకుని గటగటా లాగేస్తుంది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? పైగా లాగిన ఇంకంతా కింద ఉన్న వేస్ట్ ప్యాడ్‌లోకి పోతుంది, అది నిండితే ప్రింటర్ లైట్లు ఆర్పుతూ వెలిగిస్తూ మొరాయిస్తుంది, అప్పుడు ఇంకో ఖర్చు.

అసలు పని: క్యాప్ శుభ్రం చేయడం, హెడ్‌ని నానబెట్టడం

ఇక్కడ తొందరపడకండి. వారంటీ ఉంటే ఇది చదవడం ఆపి సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి. నేను చెప్పేది హెడ్ ప్రింటర్‌లోనే బిగించి ఉన్న ఇంకు ట్యాంక్ రకానికి. హెడ్ కార్ట్రిడ్జ్‌కే ఉండే రకమైతే దాన్ని తీసి, గోరువెచ్చని తడి గుడ్డ మీద రెండు నిమిషాలు ఆనించి తుడిస్తే సరిపోతుంది.

ప్రింటర్ కుడి చివర, హెడ్ పడుకునే చోట, అగ్గిపెట్టె అంత రబ్బరు గిన్నె ఉంటుంది, లోపల స్పాంజి. అదే క్యాప్. క్లీనింగ్ నొక్కినప్పుడు ఈ గిన్నె హెడ్‌కి కింద నుంచి అతుక్కుని, పంపు కింద నుంచి ఇంకుని పీలుస్తుంది. గిన్నె అంచు మీద ఎండిన ఇంకు గట్టిగా పేరుకుంటే అతుకు కుదరదు, పంపు గాలిని పీలుస్తుంది, ఇంకు కదలదు. పగిలిన స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగినట్టు. తాతగారి ఫోటో ప్రింటర్‌లో జరిగింది అదే. టార్చి వేసి చూస్తే గిన్నె అంచంతా బెల్లం పాకం గట్టిపడినట్టు ఇంకు, దాంట్లో ఒక పిల్లి వెంట్రుక. తొమ్మిది క్లీనింగులూ వృథా.

హెడ్‌ని అక్కడి నుంచి జరపాలి. ఆఫ్ చేసి ఉన్నప్పుడు అది లాక్ అయి ఉంటుంది, బలవంతంగా లాగారో లోపలి గేరు పళ్లు విరుగుతాయి. ప్రింటర్ ఆన్ చేయండి, హెడ్ ఎడమ వైపు కదిలి మధ్యలోకి రాగానే గోడ దగ్గర ప్లగ్ పీకేయండి. ఇప్పుడు అది చేత్తో జరుగుతుంది. ఇక్కడి నుంచి నేను పెట్టమనేదాకా ప్లగ్ పెట్టొద్దు. హెడ్ ఇలా మూత లేకుండా ఉంటే మిగిలిన నాజిళ్లు కూడా ఎండటం మొదలెడతాయి, కాబట్టి పది నిమిషాల్లో ముగించండి. ఫ్యాను ఆపండి.

హెడ్ వెనక సన్నగా, పారదర్శకంగా ఒక ప్లాస్టిక్ పట్టీ అడ్డంగా వెళ్తుంది. అదేదో చెత్త అనుకుని ముట్టుకోకండి. హెడ్ ఎక్కడుందో ప్రింటర్‌కి తెలిసేది దాని మీది గీతల వల్లే. దానికి జిడ్డో ఇంకు మరకో అంటితే హెడ్ వెళ్లి ప్రింటర్ పక్క గోడకి ఢీకొంటుంది.

గుడ్డని డిస్టిల్డ్ వాటర్‌లో తడిపి, పిండి, గిన్నె అంచు మీద మెల్లగా తిప్పండి. పక్కనే నిలబడి ఉండే రబ్బరు వైపర్‌ని కూడా. చెవి పుల్లలు వాడకండి, దూది పోగు ఒక్కటి మిగిలినా అది ఇంకుని పీల్చి నాజిళ్ల మీద పూస్తుంది. సర్జికల్ స్పిరిట్ పోయమని, అద్దాలు తుడిచే లిక్విడ్ పోయమని చెప్పేవాళ్లు బోలెడుమంది. స్పిరిట్ రబ్బరుని ఎండగట్టేస్తుంది, పిగ్మెంట్ ఇంకునైతే గడ్డ కట్టించే ప్రమాదం ఉంది. కుళాయి నీళ్లలో ఉప్పు ఉంటుంది. నీళ్లు కాచి పోయొద్దు. డై ఇంకు నీటిలో కరిగేదే, దానికి కావలసింది నీళ్లు, సమయం. ఇంకేం అక్కర్లేదు.

అంచు శుభ్రమయ్యాక డ్రాపర్‌తో స్పాంజి మీద చుక్కచుక్కగా నీళ్లు వేయండి, గిన్నె నిండేదాకా, పొర్లకుండా. ఇప్పుడు పరీక్ష. హెడ్‌ని చేత్తో మెల్లగా కుడి చివరికి తోయండి, ప్లగ్ పెట్టి ఒక్క హెడ్ క్లీనింగ్ కొట్టండి. ముందులాగే మళ్లీ హెడ్‌ని మధ్యలో ఆపి గిన్నెలో చూడండి. నీళ్లు పోయి ఉంటే పంపు బాగుంది. అలాగే నిలిచి ఉంటే పంపు గొట్టం ఊడిందో, పూడుకుపోయిందో, అది మెకానిక్ పని. ఆ స్థితిలో క్లీనింగ్ ఎన్నిసార్లు కొట్టినా చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

పంపు బాగుంటే గిన్నెలో మళ్లీ నీళ్లు నింపి, ప్లగ్ లేకుండానే, హెడ్‌ని చేత్తో కుడి చివరికి జరపండి. చివర్లో గిన్నె పైకి లేచి హెడ్‌కి అతుక్కోవడం చేతికి తెలుస్తుంది. గట్టిగా తగిలితే ఆపండి, తొయ్యకండి. రాత్రంతా అలా వదిలేయండి. పొద్దున్న ప్లగ్ పెట్టి ఒక్క క్లీనింగ్, ఒక నాజిల్ చెక్.

ఇంకా రెండు మూడు గీతలు తెగి ఉంటే రెండో రాత్రి కూడా నానబెట్టండి. సిరంజితో హెడ్‌లోకి నీళ్లు కొట్టే పద్ధతి ఒకటి ఉంది. నేను చేయను, మిమ్మల్నీ చేయనివ్వను. ఒత్తిడి కాస్త ఎక్కువైతే లోపలి సన్నని పొరలు దెబ్బతింటాయి, నీరు పైన ఉన్న రిబ్బన్ కనెక్టర్‌లోకి వెళ్తే హెడ్‌తో పాటు బోర్డు కూడా పోతుంది. హెడ్ ఖరీదు తక్కువేమీ కాదు. అంత తొందరెందుకు?

ఆ తర్వాత

వారానికి ఒకసారి ఆ 21 గళ్ల ఫైలు తీయండి, ఆదివారం అనుకోండి. వేసవిలో రెండుసార్లు. రెంటచింతల ఎండల్లో ప్రింటర్‌ని కిటికీ పక్కన పెడితే ఇంకు ఆరకుండా ఎలా ఉంటుంది? మాకు కాకినాడలో బాధ దీనికి తలకిందులు: వర్షాకాలంలో హెడ్ హాయిగా ఉంటుంది, ప్రింట్ మాత్రం ఓ పట్టాన ఆరదు.

ప్రింట్‌ని తీసిన వెంటనే చూసి తీర్పు చెప్పకండి. డై ఇంకు ఆరేకొద్దీ రంగు కొంచెం మారుతుంది. కొన్ని గంటలాగి, ఒకసారి ట్యూబ్‌లైటు కింద, ఒకసారి కిటికీ వెలుగులో చూడండి. ట్యూబ్‌లైటు కింద తేడా లేకుండా ఉండి ఎండలో కొంచెం రంగు తిరిగితే అది నాజిల్ తప్పు కాదు, ఇంకుల కలయిక వెలుగుని బట్టి అలా కనిపిస్తుంది. ఫోటో ఏ గదిలో పెడతారో ఆ గది వెలుగులో బాగుంటే బాగున్నట్టే. అద్దం వేయడానికి కనీసం ఒక రోజు ఆగండి, లేకపోతే అద్దం లోపలివైపు మంచు పట్టినట్టు పొర కడుతుంది.

తాతగారికి రెండు రాత్రులు పట్టింది. చెంపలు బూడిద రంగులోకి వచ్చాయి, ఫ్రేముకి దండ కూడా వేశారు. మిగిలిన పని ఆ పిల్లిని ప్రింటర్ మీద పడుకోనివ్వకుండా చూసుకోవడం, అది వాళ్లింటి వ్యవహారం.