తుఫాను పేరు టీవీలో రాకముందే చూసుకోవాల్సినవి: షెడ్డు, స్టాకు, కూలీలు

సెప్టెంబర్ వచ్చిందంటే ఒడిశాలోని పర్లాకిమిడిలో నాకు నిద్ర సరిగా పట్టదు. మాది చిన్న జీడిపప్పు యూనిట్. పద్నాలుగు మంది ఆడవాళ్లు పిక్క కొడతారు (జీడిగింజ పెంకు పగలగొట్టి పప్పు తీస్తారు), ముగ్గురు మగవాళ్లు బాయిలర్, డ్రయ్యర్, గోడౌన్ చూసుకుంటారు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, మరుసటి ఏడు అదే తేదీన హుద్‌హుద్ విశాఖ మీద పడింది, 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర దాటి మా గజపతి జిల్లాను ముంచేసింది. ఏ నెలకల్లా సిద్ధంగా ఉండాలో ఈ తేదీలే చెబుతున్నాయి కదా.

తిత్లీకి నేను అద్దెకు తీసుకున్న రెండో గోడౌన్ రేకులు లేచిపోయి పిక్కల బస్తాలన్నీ తడిసిపోయాయి. ఇన్సూరెన్స్ ఉందిగా అని ధీమాగా ఉన్నాను. నష్టం లెక్కగట్టే సర్వేయర్ వచ్చాడు, ఫొటోలు తీశాడు, తర్వాత పాలసీ కాగితంలో ఒక్క లైను మీద వేలు పెట్టి చూపించాడు. అక్కడ మెయిన్ షెడ్డు అడ్రస్ ఒక్కటే ఉంది. రెండో గోడౌన్ సంగతి ఎవరికీ చెప్పలేదు నేను, తప్పు నాదే. పైసా రాలేదు. అందుకే ముందు పాలసీ బయటికి తీసి అడ్రస్ చదవండి, సరుకు ఉన్న ప్రతి చోటూ అందులో ఉందో లేదో చూడండి, లేకపోతే ఎండార్స్‌మెంట్ (పాలసీలో మార్పు రాయించడం) చేయించుకోండి.

రెండోది, పాలసీ ఎంత మొత్తానికి ఉంది అనేది. లోన్ ఉన్నవాళ్లకి బ్యాంకే పాలసీ కట్టేస్తుంది, అది చాలాసార్లు లోన్ మొత్తానికే ఉంటుంది, సరుకు మొత్తానికి కాదు. 40 లక్షల సరుకు పెట్టుకుని 20 లక్షలకే పాలసీ ఉంటే, 10 లక్షల నష్టానికి 5 లక్షలే ఇస్తారు, తక్కువ చూపించినందుకు మిగతా సగం మన నెత్తినే. ఒక చోట మొత్తం విలువ 5 కోట్ల లోపు ఉన్నవాళ్లకి 2021 ఏప్రిల్ నుంచి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ వచ్చింది, తుఫాను, వరద అందులోనే ఉంటాయి, విలువలో 15 శాతం దాకా తేడా ఉంటే పట్టించుకోరు కూడా. మన పిక్కలు మార్చి నుంచి మే మధ్యలో కొంటాం కాబట్టి గోడౌన్ నిండుగా ఉన్న నెల లెక్క వేసి చెప్పండి, ఖాళీగా ఉన్న నెలది కాదు. ఇంకో సంగతి, కొందరు బ్యాంకుకి నెలనెలా ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్‌లో కాస్త పెంచి రాస్తారు (లోన్ ఎక్కువ రావాలని), సర్వేయర్ మొదట అడిగేది ఆ కాగితమే, జీఎస్టీ లెక్కతో, గోడౌన్ పుస్తకంతో అది కలవకపోతే మీ నిజమైన నష్టాన్ని కూడా నమ్మడు.

వాయుగుండం పడ్డాక ఏజెంట్‌కి ఫోన్ చేస్తే పని అవ్వదు. ప్రీమియం చేరకముందు ఇన్సూరెన్స్ రక్షణ మొదలవదు, ఇది చట్టంలోనే ఉంది.

ఇక మనుషులు. సరుకు పోతే మళ్లీ కొనుక్కుంటాం. తుఫాను ముందు రోజు మనలో చాలామంది చేసే పని ఒకటుంది, ఎవరో ఒక కుర్రాణ్ణి పిలిచి పైకెక్కి రేకులు బిగించమంటారు. మా షెడ్డు మీద నాచు పట్టిన ఆస్బెస్టాస్ రేకు ఉంది, కింద నుంచి చూస్తే గట్టిగా కనిపిస్తుంది, కానీ హుక్ బోల్ట్ చుట్టూ వెంట్రుకంత చీలిక ఉంటుంది, దూలం మీద కాకుండా రెండు దూలాల మధ్య కాలు పడితే అప్పడం విరిగినట్టు విరుగుతుంది, మనిషి పద్దెనిమిది అడుగుల కింద సిమెంటు నేల మీద పడతాడు. ఆ పని సెప్టెంబర్‌లో, ఎండ రోజు చూసి, రేకు మీద అడ్డపలకలు వేసి, ఒంటికి హార్నెస్ కట్టి చేయించండి. గాలి మొదలయ్యాక రేకు పోతే పోనివ్వండి.

ఆ కుర్రాడు మీ రిజిస్టర్‌లో లేడు కదా అనుకోకండి, కాంట్రాక్టర్ పంపినా మీ దగ్గర పనిలో ఉండగా పడితే పరిహారం మిమ్మల్నే అడుగుతారు. లెక్క ఎలా ఉంటుందో చూడండి: చనిపోయింది ముప్పై ఏళ్ల మనిషి, నెల జీతం 15,000 అనుకుంటే, అందులో సగానికి వయసును బట్టి చట్టం పెట్టిన 207.98 అనే అంకెతో గుణిస్తారు, 15,59,850 రూపాయలు వస్తుంది. నాలాంటి చిన్నవాడి ఏడాది లాభం అంతా కలిపినా అంత రాదు. ఈఎస్‌ఐ కిందికి వచ్చేవాళ్లయితే ఈఎస్‌ఐయే చూసుకుంటుంది (యూనిట్‌లో పది మంది లేదా అంతకు పైన, జీతం 21,000 దాకా), రానివాళ్లకి పనిలో ప్రమాదం జరిగితే పరిహారం కట్టే పాలసీ (మేం ఇప్పటికీ డబ్ల్యూసీ, అంటే వర్క్‌మెన్ కాంపెన్సేషన్ పాలసీ అనే పిలుచుకుంటాం) తీసుకోండి, కాంట్రాక్టు మనుషుల్ని కూడా అందులో రాయించండి, జీతం తగ్గించి చూపించొద్దు. కిలో లెక్కన పిక్క కొట్టే ఆడవాళ్లు ఉద్యోగులు కారని మావాళ్లు చాలామంది అనుకుంటారు. అవుతారు. వాళ్ల పేర్లు రోజూ హాజరు పుస్తకంలో ఉండాలి. పైగా ఏడాదికి 20 రూపాయలతో బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా చేయిస్తే ప్రమాద మరణానికి 2 లక్షలు వస్తుంది. నేను అందరికీ నా జేబులోంచే కట్టాను, మొత్తం కలిపి ఒక టీ పార్టీ ఖర్చు.

రెడ్ అలర్ట్ వస్తే పని ఆపేసి మధ్యాహ్నానికే ఇళ్లకు పంపేయండి. సగం రోజు కూలి కట్ చేస్తారని భయపడి కొందరు కదలరు, పూర్తి కూలి ఇస్తామని ముందే చెప్పండి. మా దగ్గర సవర గిరిజనులూ ఉన్నారు, గోడ మీద ఒడియాలో అతికించిన నోటీసు వాళ్లలో ఇద్దరే చదవగలరు, కాబట్టి నోటితో చెప్పాల్సిందే.

బస్తాలు నేల మీద కాకుండా చెక్క దిమ్మల మీద, గోడకి జానెడు దూరంగా పేర్చి, ఆ రోజు తేదీతో వీడియో తీసి ఇంకో ఫోన్‌కి పంపేయండి. మెయిన్ స్విచ్ దించేయండి. జనరేటర్ ఉంటే చేంజోవర్ స్విచ్ (లైను కరెంటు, జనరేటర్ కరెంటు కలవకుండా చూసేది) తప్పనిసరి, లేకపోతే మన కరెంటు వెనక్కి లైనులోకి వెళ్లి స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం తీస్తుంది.

గాలి తగ్గాక ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్‌తో పాటు మెయిల్ కూడా పంపండి, రుజువు ఉంటుంది. ఫొటోలు తీయకుండా ఏదీ ఊడ్చి పారేయకండి, అలాగని సర్వేయర్ వచ్చేదాకా తడి పిక్కల్ని అలాగే వదిలేయకండి, బూజు పట్టేస్తాయి, పొడివి వేరు చేసి, తడివి ఎండబెట్టి, సర్వేయర్‌కి చూపించడానికి తడివి కొన్ని పక్కన ఉంచండి. కరెంటు వచ్చిన వెంటనే మోటార్ ఆన్ చేయకండి, ఎలక్ట్రీషియన్ మెగ్గర్ (తడికి కరెంటు లీకవుతోందా అని చూసే మీటర్) పెట్టి చూసేదాకా ఆగండి, రెండు రోజులు పని ఆగినా సరే.