పాత డీజిల్ పికప్‌లో పోయినట్టే పోయి మళ్లీ వచ్చే మిస్సింగ్

సిలిండరులోకి డీజిల్ చల్లే నాజిల్ మార్చిన పదిహేను రోజులకే బండి మళ్లీ మిస్సింగ్ (ఏదో సిలిండరు సరిగా మండక ఇంజన్ తడబడటం) కొడుతోందంటే, చాలాసార్లు తప్పు కొత్త నాజిల్‌ది కాదు. పాతదాన్ని చెడగొట్టినదే కొత్తదాన్నీ చెడగొడుతోంది. ట్యాంకు అడుగున నీళ్లో, తుప్పో, గాలి పీల్చుకుంటున్న పైపో, సరిగా కూర్చోని కాపర్ వాషరో ఉండి ఉంటుంది. అది దొరక్కుండా ఎన్ని సామాన్లు మార్చినా డబ్బు దండగే.

ఇక్కడ చెప్పేదంతా మెకానికల్ ఫ్యూయల్ పంపు ఉన్న, నాలుగు సిలిండర్ల పాత డీజిల్ బండ్లకు. కామన్ రైల్ (కంప్యూటర్‌తో నడిచే, అధిక ఒత్తిడి డీజిల్ వ్యవస్థ) బండిలో నాజిల్ పైపు నట్టు ఎట్టి పరిస్థితుల్లోనూ వదులు చేయకండి. అందులో ఒత్తిడి వెయ్యి బార్ దాటుతుంది, ఆ డీజిల్ ధార చర్మంలోంచి లోపలికి దూసుకుపోతుంది.

ముందు ఏ సిలిండరో తేల్చండి

ఇంజన్ వేడెక్కాక స్లోలో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఉంచండి. మొదటి నాజిల్ పైపు నట్టు చుట్టూ మందపాటి గుడ్డ చుట్టి, స్పానర్‌తో అర చుట్టు మాత్రమే వదులు చేయండి. ఆ సిలిండరు బాగా పనిచేస్తుంటే ఇంజన్ చప్పుడు మారుతుంది, వేగం పడిపోతుంది, ఊగుడు పెరుగుతుంది. నట్టు బిగించి తర్వాతి సిలిండరుకు వెళ్లండి. ఏ సిలిండరు నట్టు వదిలినప్పుడు ఇంజన్‌లో తేడా రాదో, మిస్ అవుతున్నది ఆ సిలిండరే. మెకానికల్ పంపు అయినా చిమ్మే డీజిల్‌కు వేలు అడ్డం పెట్టొద్దు. వేడి మానిఫోల్డు మీద పడితే మంట లేస్తుంది కాబట్టి గుడ్డ తీయొద్దు.

నట్టు వదిలినప్పుడు, గుడ్డ తీయకుండానే, దాని అంచు దగ్గర డీజిల్ ఎలా వస్తోందో కూడా చూడండి. నాలుగింట్లోనూ ఒకే జోరుతో కొట్టుకుంటూ రావాలి. ఒక్క దాంట్లో మాత్రం నీరసంగా వస్తుంటే నాజిల్ జోలికి పోకుండా పంపులో ఆ సిలిండరుకు డీజిల్ పంపే డెలివరీ వాల్వును అనుమానించండి. దాన్ని ఇంటి దగ్గర విప్పకూడదు. పంపును దించి టెస్ట్ బెంచి ఉన్న చోట కాలిబ్రేషన్ చేయించాలి.

డీజిల్ బాగానే వస్తుంటే, ఆ సిలిండరు నాజిల్‌ను పక్క సిలిండరుకు, పక్కదాన్ని ఇక్కడికి మార్చండి. మిస్సింగ్ నాజిల్ వెంట పక్క సిలిండరుకు వెళ్తే నాజిల్‌దే తప్పు. అక్కడే ఉండిపోతే కంప్రెషన్ (సిలిండరులో గాలి నొక్కుకునే ఒత్తిడి) గానీ, వాల్వులు గానీ చూడాలి. కొత్త సామాను ఒక్కటీ కొనకముందే, నాలుగు కాపర్ వాషర్ల ఖర్చుతో తేలే విషయం ఇది. దీన్ని వదిలేసి నేరుగా నాజిల్ సెట్టు కొనడం దగ్గరే ఎక్కువమంది నష్టపోతారు.

రోజంతా బాగుండి, ఉన్నట్టుండి మిస్సింగ్. పొద్దున సెల్ఫ్ చాలాసేపు కొట్టాల్సి రావడం

గాలి పడుతోంది. మళ్లీ మళ్లీ వచ్చే మిస్సింగ్‌లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేదీ, దొరకనిదీ ఇదే. ట్యాంకు నుంచి డీజిల్‌ను ఫీడ్ పంపు పీల్చి లాగుతుంది. అందుకే ఆ పైపుకు బీట ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. తడి కనిపించలేదని ఆ పైపు బాగుందనుకోవద్దు.

ఫిల్టరుకూ పంపుకూ మధ్య అడుగు పొడవు పారదర్శకమైన డీజిల్ పైపు పెట్టి ఇంజన్ నడపండి. మొదటి నిమిషం బుడగలు వచ్చి ఆగితే అవి బిగించేటప్పుడు పట్టిన గాలి. ఆగకుండా వస్తుంటే ఫిల్టరు రబ్బరు రింగు, హ్యాండ్ ప్రైమరు (చేత్తో డీజిల్ కొట్టే పంపు), బాంజో బోల్టుల (లోపలి నుంచి డీజిల్ పారే బోలు బోల్టుల) వాషర్లు, ఛాసిస్‌కు రాసుకునే చోట పైపు వరుసగా చూడండి. దొరక్కపోతే ఐదు లీటర్ల క్యానులో శుభ్రమైన డీజిల్ పోసి, కొత్త పైపుతో నేరుగా ఫీడ్ పంపుకు ఇవ్వండి. రిటర్న్ పైపునూ క్యానులోకే పెట్టండి. బండి అరగంట మిస్ కాకుండా నడిస్తే జబ్బు ట్యాంకు వైపే ఉంది.

పైపు మార్చాక ఫిల్టరు మీది బ్లీడ్ స్క్రూ వదిలి, బుడగలు ఆగి డీజిల్ నిండుగా వచ్చేదాకా ప్రైమర్ కొట్టండి. సెల్ఫ్ ఒకసారికి పది సెకన్లు మించొద్దు, మధ్యలో అర నిమిషం ఆగండి. నాజిళ్ల మీది సన్నని రిటర్న్ పైపులు ఎండి చిట్లి ఉంటే వాటినీ ఈ పనిలోనే మార్చేయండి.

స్లోలో బాగుంది, లోడు మీద ఎత్తు ఎక్కుతుంటే తడబడుతోంది

డీజిల్ చాలడం లేదు. ట్యాంకు మూత తీయగానే సుయ్యిమని గాలి లోపలికి పోతే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది. అది కాకపోతే ఫిల్టరు, ఆ తర్వాత ట్యాంకులోని జాలీ చూడండి.

డ్రమ్ముల్లో నిల్వ ఉంచిన డీజిల్ పోసే బండ్లలో, వానాకాలంలో, నీళ్ల సంగతి తప్పక చూడాలి. రాత్రంతా నిలిపిన బండిని పొద్దున కదపకముందే వాటర్ సెపరేటర్ నుంచి గాజు సీసాలోకి పావు లీటరు దింపండి. నీళ్లుంటే అడుగున వేరే పొరగా తేరుకుంటాయి. అక్కడ నీళ్లు కనిపిస్తే సెపరేటర్ ఖాళీ చేసినంత మాత్రాన సరిపోదు, ట్యాంకు దించి కడగాలి. నీళ్లు నాజిల్ సూదిని తుప్పు పట్టించి ఇరికిస్తాయి. కిరోసిన్ కలిపిన డీజిల్ జారుడు తగ్గించి పంపును, సూదిని అరగదీస్తుంది.

పొద్దున మాత్రమే మిస్సింగ్, కళ్లు మండే తెల్ల పొగ

కాలని డీజిలే ఆ పొగ. హీటర్ ప్లగ్గులు (చల్లగా ఉన్న సిలిండరును స్టార్టుకు ముందు వేడి చేసేవి) ఉన్న ఇంజనైతే వాటిని కలిపే పట్టీ విప్పి ఒక్కోదాన్ని విడిగా మల్టీమీటరుతో చూడండి. మంచి ప్లగ్గు రెండు ఓమ్‌ల లోపే చూపిస్తుంది. అసలు కనెక్షనే చూపించనిది కాలిపోయింది. ప్లగ్గులన్నీ బాగుంటే కారుతున్న నాజిలో, కంప్రెషన్ తగ్గిన సిలిండరో అయి ఉంటుంది.

పొగ తెల్లగా ఉండి కళ్లు మండకపోతే, రేడియేటరులో నీళ్లు తగ్గుతుంటే, ఇంజన్ తిరుగుతుండగా రేడియేటరులో బుడగలు లేస్తుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ హెడ్‌కూ బ్లాకుకూ మధ్య సీలు) పోయినట్టు. మూత మాత్రం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే తీసిపెట్టుకోవాలి. ఈ లక్షణాలతో బండి నడపొద్దు.

ఎప్పుడూ ఒకే సిలిండరు

నాజిల్‌దే తప్పని తేలితే నాలుగింటినీ టెస్టర్ మీద పెట్టించండి. తెరుచుకునే ఒత్తిడి ఇంజన్ మాన్యువల్లో ఉన్నంత ఉండాలి, నాలుగింటి మధ్యా తేడా పది బార్ దాటకూడదు. ఆ ఒత్తిడికి 20 బార్ తక్కువలో పది సెకన్లు పట్టి ఉంచితే మొన మీద చుక్క రాలకూడదు. తిరిగి బిగించేటప్పుడు సీటు మీది మసి గీకి, పాత వాషరు అడుగున మిగల్లేదని టార్చి వేసి చూసుకోండి. పాతదాని మీద కొత్తది పడితే నాజిల్ పైకి లేస్తుంది, డీజిల్ చల్లాల్సిన చోట చల్లదు. నెలలో మళ్లీ మిస్సింగ్ వస్తుంది.

నాజిల్ మార్చినా అదే సిలిండరు మిస్ అవుతుంటే ముందు టాపెట్ గ్యాప్ (వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య సందు) ఫీలర్ గేజ్‌తో, అంటే సందు కొలిచే సన్నని రేకులతో, చూడండి. గ్యాప్ బిగిసిపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు. తర్వాత కంప్రెషన్ చూడండి. డీజిల్ ఇంజన్‌కు తగిన గేజే వాడాలి, పెట్రోలు బండి గేజ్ తట్టుకోదు. స్టాప్ సోలెనాయిడ్ (పంపులో డీజిల్‌ను ఆపే కరెంటు వాల్వు) వైరు తీసి, నాలుగు సిలిండర్లనూ ఒకే బ్యాటరీ ఛార్జితో కొలవండి. బాగున్న ఇంజన్‌లో సాధారణంగా 350 నుంచి 450 పీఎస్ఐ మధ్య ఉంటుంది. ఒక సిలిండరు మిగతావాటికంటే పది శాతానికి మించి తగ్గితే హెడ్ దించాల్సిందే. తప్పు రింగులదో వాల్వులదో తెలుసుకోవడానికి పెట్రోలు ఇంజన్‌లో పోసినట్టు సిలిండరులో ఆయిల్ పోయకండి. డీజిల్ ఇంజన్‌లో పిస్టన్ పైన మిగిలే చోటు చాలా చిన్నది. ఆయిల్ ఎక్కువైతే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

పని పూర్తయ్యాక రెండు మూడు ట్రిప్పులు లోడు మీద తిప్పి, పైపు నట్లు, క్లిప్పులు మళ్లీ ఒకసారి బిగించండి. కడిగిన ట్యాంకులోంచి మిగిలిన మురికి మొదటి ఫిల్టరులోకే వస్తుంది కాబట్టి దాన్ని మామూలు గడువు దాకా ఉంచకుండా వెయ్యి కిలోమీటర్లకే మార్చేయండి.