'అవసరం' వెంట పడి చూద్దాం: ఒకే మాట ఏ భాషలో ఎలా మారిందో కనుక్కునే పద్ధతి

బెంగళూరు వెళ్లిన కొత్తలో ఒక టైలర్‌కి చొక్కా కుట్టమని ఇచ్చాను. కొలతలు రాసుకుని, టేపు మెడలో వేసుకుంటూ ఆయన “అవసర ఇల్ల అల్వా?” అన్నాడు. నా కన్నడం అప్పటికి అంతంతమాత్రం. ఇల్ల అంటే లేదు అని మాత్రం తెలుసు, అవసర అంటే మన అవసరమే అనుకున్నాను. గుడ్డ కొని తెచ్చి చేతికిచ్చాక ‘ఇది మీకు అవసరం లేదు కదా’ అంటాడేమిటని టెన్షన్ పడి “అవసరమే, అవసరమే” అన్నాను. ఆయన మొహం చిట్లించి, ముందు నుంచి ఉన్నవాళ్ల బట్టలు పక్కన పెట్టి, మర్నాడు సాయంత్రానికే చొక్కా ఇచ్చేశాడు. ఆయన అడిగింది “తొందరేం లేదు కదా?” అని. నా జవాబు ఆయనకి “తొందరే, తొందరే” అని వినిపించింది.

ఇలాంటి మాట ఎదురైతే చాలామంది నవ్వుకుని వదిలేస్తారు. వదలకండి. ఒక నోట్‌బుక్, ఇంటర్నెట్ ఉంటే ఆ మాట ఎక్కడ బయల్దేరిందో, మన దగ్గరికి ఎలా వచ్చిందో చాలావరకు మీరే తేల్చుకోవచ్చు. నేనెలా చేస్తానో చెబుతాను.

మాటను ఒంటరిగా రాసుకోకండి. విన్న వాక్యం విన్నట్టే, తెలుగు అక్షరాల్లోనైనా సరే, మొత్తం రాసుకోండి. ఎందుకంటే అసలు అర్థం ఆ మాట పక్కన ఏ క్రియ చేరిందో దానిలో దొరుకుతుంది. కన్నడంలో “అవసర మాడబేడి” అంటారు, అవసరం “చెయ్యొద్దు” అని. తెలుగులో అవసరం ఉంటుంది, వస్తుంది, తీరుతుంది, ఎవరూ దాన్ని చెయ్యరు. తొందర మాత్రం చేస్తాం. ఆ ఒక్క క్రియ పట్టుకున్నా నాకప్పుడే తెలిసిపోయేది. తమిళం ఇంకా తికమక పెడుతుంది, అక్కడ క్రియ కూడా మనదే! “అవసరప్పడాదే” అంటే తొందరపడకు అని. మనం “డబ్బు అవసరపడింది” అంటే కావలసి వచ్చిందని. చెన్నైలో ఏ పెద్దాసుపత్రికి వెళ్లినా “అవసర సిగిచ్చై పిరివు” అని బోర్డు ఉంటుంది, అంటే ఎమర్జెన్సీ వార్డు. తొందరలో ఉన్నవాడికి అండాలో కూడా చెయ్యి దూరదని వాళ్లకొక సామెత ఉంది, అందులోనూ ఇదే అవసరం.

మలయాళానికి వెళ్తే మళ్లీ మారిపోతుంది. “తొళిలవసరంగళ్” అంటే ఉద్యోగావకాశాలు. హిందీ, మరాఠీల్లో అవసర్ అన్నా అంతే, అవకాశం, సందర్భం. “ఇస్ అవసర్ పర్” అని ప్రతి హిందీ ఉపన్యాసంలోనూ వింటాం. (ఉపన్యాసం అన్నాను కదా, అదే మాట హిందీలో నవల. దాని వెంట ఇంకోసారి పడండి.)

ఇన్ని అర్థాలు పోగయ్యాక, మాట పుట్టిల్లు చూడాలి. మన వ్యాకరణం పెట్టిన విభజన ఇక్కడ నిజంగా పనికొస్తుంది: తత్సమమా (సంస్కృతం మాట దాదాపు ఉన్నట్టే), తద్భవమా (అది రూపు మారి వచ్చిందా), దేశ్యమా (మన సొంత మాటా), అన్యదేశ్యమా (వేరే భాషల నుంచి వచ్చిందా)? 1885 నాటి శబ్దరత్నాకరం లాంటి నిఘంటువుల్లో మాట పక్కనే పొట్టి గుర్తు ఉంటుంది, సం. అంటే సంస్కృతం, వై. అంటే వైకృతం (తద్భవమే), దే. అంటే దేశ్యం. ఆంధ్రభారతి సైట్‌లో మాట కొడితే ఇలాంటి నిఘంటువులు చాలా ఒకేచోట కనిపిస్తాయి. చికాగో విశ్వవిద్యాలయం వాళ్ల దక్షిణాసియా నిఘంటువుల సైట్‌లో తెలుగుకి బ్రౌన్ నిఘంటువు (1903 నాటి సవరించిన కూర్పు), మలయాళానికి 1872 నాటి గుండర్ట్ నిఘంటువు దొరుకుతాయి. ఈ పాత నిఘంటువుల్లో మొదటి అర్థం చూసి ఆగిపోకండి. ఇప్పుడు మనం మర్చిపోయిన అర్థం చాలాసార్లు మూడోదో నాలుగోదో అయి ఉంటుంది, మనకి కావలసింది అదే.

అవసరం సంస్కృతం మాట. ‘అవ’ ఉపసర్గ, అంటే ముందు చేరే ముక్క; ‘సృ’ ధాతువు, అంటే మూలం, దాని అర్థం కదలడం, సాగడం. సరణి, ప్రసారం, అనుసరించడం అన్నీ ఆ ధాతువు పిల్లలే. పాత సంస్కృత నిఘంటువు అమరకోశం “ప్రస్తావః స్యాదవసరః” అంటుంది. అంటే సంస్కృతంలో అవసరం తగిన సమయం, సందర్భం. కావలసి రావడం గానీ తొందర గానీ అక్కడ లేవు.

మరి తెలుగులో ఆ పాత అర్థం ఎప్పుడైనా ఉండేదా? ఈ ప్రశ్న తప్పకుండా వేసుకోండి, దీన్ని వదిలేస్తే సగం పని వదిలేసినట్టే. జవాబు పోతన భాగవతంలోనే ఉంది. వచనాల్లో “అయ్యవసరంబున” అని వస్తుంది చూడండి, అంటే ‘ఆ సమయంలో’. ఆ అవసరం కొద్దీ అని కాదు. ఈ మాట ఎన్నోసార్లు చదివి కూడా అర్థం పట్టించుకోలేదు, కన్నడ టైలర్ పుణ్యమా అని ఆగి చూశాను.

ఇంకో సాక్ష్యం పూరీలో ఉంది. శ్రీకాకుళం వైపు వాళ్లకి జగన్నాథుడు దూరపు దేవుడేమీ కాదు, చాలామందికి ఇది తెలిసే ఉంటుంది. జ్యేష్ఠ పౌర్ణమినాడు స్నానయాత్ర అయ్యాక దేవుళ్లకి జ్వరం వచ్చిందని రథయాత్ర ముందు దాకా, దాదాపు పదిహేను రోజులు దర్శనం ఉండదు. ఆ రోజుల్ని అనవసర అంటారు, జనం నోట అణసర అయింది. తెలుగు చెవికి అనవసరం అంటే అక్కర్లేనిది. అక్కడ మాత్రం దర్శనానికి ‘సమయం కానిది’. పాత అర్థం గుడిలో భద్రంగా ఉండిపోయింది.

ఇప్పుడు నోట్‌బుక్‌లో ఒక గొలుసు గీయండి. పైన ‘సమయం, సందర్భం’. దాని నుంచి ఒక గీత ‘మంచి సమయం’ వైపు, అది అవకాశం అయి హిందీ, మరాఠీ, మలయాళాల్లో నిలిచింది. ఇంకో గీత ‘సమయానికి కావలసినది’ వైపు, అక్కడ తెలుగు ఉంది. మూడోది ‘సమయం మించిపోతోంది’ వైపు, తమిళం, కన్నడం. ఈ గీతల్లో కొంత నా ఊహే, కానీ వట్టి ఊహ కాదు, మధ్య మెట్టు మన భాషలోనే దొరుకుతుంది: అత్యవసరం. ‘చాలా అవసరం’ అనాల్సిన మాటని మనం ‘వెంటనే’ అనే అర్థంలో వాడుతున్నాం, 1975 ఎమర్జెన్సీని అత్యవసర పరిస్థితి అన్నాం. బాగా కావలసింది త్వరగానే కావాలి కదా. మీ గొలుసులో ఇలాంటి మెట్టు ఒక్కటైనా చూపించలేకపోతే ఆ గీతని పెన్సిల్‌తోనే ఉంచండి.

ఒక జాగ్రత్త. ఒకేలా వినిపించేవన్నీ ఒక మాట కాదు. ‘చెప్పు’ అంటే మాట్లాడు, ‘చెప్పు’ అంటే కాలికి వేసుకునేది, ఈ రెంటికీ కథ అల్లబోయే ముందు తమిళం చూడండి: మొదటిది అక్కడ ‘సెప్పు’, రెండోది ‘సెరుప్పు’. మన దగ్గర మధ్యలో ‘రు’ జారిపోయి రెండూ కలిసిపోయాయి, అంతే. దేశ్యపదాలకి బరో, ఎమెనో అనే ఇద్దరు భాషా పండితులు కలిసి చేసిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు చూడండి, రెండో కూర్పు 1984ది, అదీ చికాగో సైట్‌లోనే ఉంది.

ఇంకొకటి, దయచేసి “కన్నడం వాళ్లు తప్పుగా వాడుతున్నారు” అనకండి, నాకు చాలా బాధేస్తుంది. సంస్కృతాన్ని కొలతగా పెడితే ముందు తప్పేది మన అవసరమే.

చేసి చూడ్డానికి ‘సంసారం’ తీసుకోండి, ధాతువు మళ్లీ ఆ ‘సృ’నే. హిందీలో ప్రపంచం, తమిళంలో కుటుంబం, భార్య, మలయాళంలో ఏకంగా మాట్లాడటం. పక్కింట్లో మలయాళీలుంటే వాళ్లనే అడగండి, నిఘంటువులో లేని వాక్యాలు నాలుగు చెబుతారు. గంట పడుతుంది.

ఆ టైలర్ దగ్గరికి ఇప్పటికీ వెళ్తాను. గుడ్డ ఇచ్చేటప్పుడు “అవసర ఇల్ల, ఆదరె బేకు” అంటాను. తొందర లేదు, కానీ కావాలి.